ముసాఫిర్ అంటే అతిథి

వేసవి సెలవులు సమీపిస్తున్న కొద్దీ మా ఇంటికి వచ్చే బంధుమిత్రుల సంభాషణ ఏదో ఒక దశలో విదేశీ ప్రయాణం మీదికి మళ్లుతుంది. ఒకప్పుడు మన కుటుంబాలకు విదేశమంటే రెండే దారులు. ఒకటి హజ్, ఉమ్రాల దారి. రెండవది గల్ఫ్ దేశాలలో ఉపాధి దారి. నేడు పరిస్థితి కొంత మారింది. కొన్నేళ్లు పొదుపు చేసుకుని పిల్లలతో, పెద్దలతో కలిసి ఒక కొత్త దేశాన్ని చూసి రావాలని ఆశించే మధ్యతరగతి కుటుంబాలు మన మధ్య కనిపిస్తున్నాయి. ఇది సంతోషించదగిన విషయమే. భూమిపై సంచరించి గతించిన జాతుల ఆనవాళ్లను పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల ప్రోత్సహించింది. మానవులు వేర్వేరు జాతులుగా, తెగలుగా ఉండటం ఒకరినొకరు ఎరుగుటకేనని అల్ హుజురాత్ సూరా బోధిస్తుంది.

అయితే మమ్మల్ని అడిగేవారి ప్రశ్నలు దాదాపు ఒకే తీరున ఉంటాయి. ఎంత ఖర్చవుతుంది? ఎన్ని రోజులు సరిపోతాయి? తప్పక చూడవలసినవి ఏవి? ఈ ప్రశ్నలలో తప్పేమీ లేదు. గత సంవత్సరం ఇస్తాంబుల్ బయలుదేరే ముందు మేమూ ఇవే అడిగాము. అక్కడ ఏ విధంగా మెలగాలి, ఆ ఊరి మనుషుల మధ్య మన స్థానం ఏమిటి అనే ప్రశ్న మాత్రం మాకు తట్టలేదు. దానికి జవాబు మా అమ్మీ ద్వారా, అదీ మా పొరపాటు వల్లనే, మాకు లభించింది. ఆ అనుభవాన్ని పాఠకులతో పంచుకోవడమే ఈ నెల మా ఉద్దేశం.

పన్నెండు స్థలాల జాబితా

మొదట ఒక విషయం ఒప్పుకోవాలి. ప్రయాణం నిశ్చయమైనప్పుడు అమ్మీని వెంట తీసుకుపోవాలా, నంద్యాలలోని ఖాలాజాన్ ఇంట్లో ఉంచాలా అని మేము చాలా రోజులు తర్జనభర్జన పడ్డాము. ఆమెకు 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి. ఉర్దూ, తెలుగు తప్ప మరో భాష రాదు. "అంత దూరం వచ్చి ఆమె ఏం చూడగలదు?" అని మాలో ఒకరం, "ఆమె నడకతో మనమేం చూడగలం?" అని మరొకరం అనుకున్నాము. రెండవ ప్రశ్నను పైకి అనలేదు గానీ మనసులో ఉన్నది అదే. చివరకు లోకం ఏమనుకుంటుందోనన్న బెరుకుతో కొంత, ప్రేమతో కొంత, ఆమెను వెంట తీసుకువెళ్లాము.

మా చేతిలో పన్నెండు స్థలాల జాబితా ఉంది. మొదటి రోజే సుల్తాన్ అహ్మద్ మసీదు, తోప్‌కాపీ రాజప్రాసాదం, పాత బజారు చుట్టివచ్చాము. అమ్మీ ప్రతి మెట్టు దగ్గరా ఆగింది. ఆమె ఆగినప్పుడల్లా మేము గడియారం చూసుకున్నాము. పిల్లలు ఫోటోలు తీసుకుంటూ ముందుకు సాగిపోయారు. సాయంత్రం బసకు చేరాక ఆ రోజు చూసినవాటి గురించి ఎవరమూ మాట్లాడుకోలేదు. కాళ్ల నొప్పుల గురించి, మరునాటి సమయాల గురించి మాత్రమే మాట్లాడుకున్నాము. మే చివరి వారంలో అక్కడ మగ్రిబ్ సుమారు రాత్రి 8.30 గంటలకు, ఇషా పది దాటాక. అంత పొడవైన పగటిని నింపివేయాలనే ఆత్రంలో పెద్దవారి శరీరం ఏ వేళకు అలిసిపోతుందో మేము లెక్కించలేదు.

రెండవ రోజు ఎమినోను రేవులో నావ ఎక్కి బోస్ఫరస్ జలసంధి దాటి ఉస్కుదార్ చేరాము. ఐరోపా ఖండంలో ఎక్కి ఆసియా ఖండంలో దిగడానికి పట్టింది సుమారు 20 నిమిషాలే. రేవుకు కొద్ది దూరంలో యెని వాలిదే మసీదు ఉంది. సుల్తాన్ మూడవ అహ్మద్ తన తల్లి గుల్‌నూష్ సుల్తాన్ పేరిట 1708-1710 మధ్య కట్టించిన మసీదు అది. 'యెని' అంటే కొత్త. 'వాలిదే' అన్నది మన 'వాలిదా' పదమే, అమ్మ అని అర్థం. జొహర్ నమాజు ముగిశాక ప్రాంగణంలోని చెట్ల నీడన ఒక రాతి అరుగు చూసుకుని అమ్మీ కూర్చుంది.

"మీరు చూసి రండి బేటా. నేను ఇక్కడే కూర్చుంటాను" అన్నది.

ఆమె స్వరంలో కోపం లేదు. అందుకే మాకు ఎక్కువ బాధ కలిగింది. అయినా జాబితా మమ్మల్ని లాగింది. నీళ్ల సీసా, నువ్వుల ఉండల డబ్బా ఆమె పక్కన పెట్టి, అరగంటలో వస్తామని చెప్పి, సముద్రంలో నిలిచిన కన్యా బురుజును ఒడ్డు నుంచి చూడటానికి వెళ్లాము. అరగంట కాస్తా రెండు గంటలయింది. తిరిగి వచ్చేసరికి ఆ రాతి అరుగు ఖాళీగా ఉంది.

ఆ క్షణం మా గుండెలు జారిపోయాయి. ఆమె దగ్గర ఫోను లేదు. మా బస పేరు ఆమెకు తెలియదు. చిరునామా రాసిన కాగితం ముక్క కూడా మేము ఆమెకు ఇవ్వలేదు. పరాయి దేశంలో, భాష తెలియని పెద్దావిడను, ఒక సంచిని వదిలినట్లు వదిలి వెళ్లామని అప్పుడు అర్థమయింది.

వాలిదే మసీదు ప్రాంగణంలో

వుజూ చేసుకునే కొళాయిల అవతల, ప్రాంగణం మరో మూల నుంచి నవ్వులు వినిపించాయి. అక్కడ నలుగురు స్త్రీల మధ్య అమ్మీ కూర్చుని ఉంది. ఎండ మళ్లడంతో వారే ఆమెను నీడకు తీసుకువెళ్లారట. ఒకరు ఫ్లాస్కులోంచి నడుము సన్నని గాజు గ్లాసుల్లోకి పాలు లేని తేనీరు పోస్తున్నారు. మా నువ్వుల ఉండల డబ్బా దాదాపు ఖాళీ అయింది. దానికి బదులుగా అమ్మీ ఒడిలో నువ్వులు అద్దిన గుండ్రని రొట్టె ఉంది. ఆ ఊరంతా తినే 'సిమిత్' అది.

ఇరువురికీ ఉమ్మడి భాష లేదు. కానీ వారు మాట్లాడుకుంటున్నారు. ఒకామె చక్కెర బిళ్ల చూపి "షెకెర్" అన్నది. అమ్మీ "షకర్!" అన్నది. ఆమె కాగితం చూపి "క్యాత్" అంటే అమ్మీ "కాగజ్" అన్నది. కితాబు, కలం, దునియా, దుకాణం, సాబూను, బాదం, జవాబు, హిసాబు... ఒక్కొక్క మాట దొరికినప్పుడల్లా అందరూ నవ్వుతున్నారు. అరబీ, పారసీ భాషల నుంచి ఒకవైపు టర్కీకి, మరోవైపు ఉర్దూకు, అక్కడి నుంచి మన తెలుగుకు చేరిన మాటలు అవి. మన తారీఖు, హాజరు, మైదానం, కాగితం, కానూను కూడా ఆ దారిన వచ్చినవే. డిగ్రీలు చదివిన మేము రెండు రోజులుగా ఫోనులో అనువాద యంత్రాన్ని ముందు పెట్టుకుని బేరాలాడుతున్నాము. అమ్మీ తన ఇంటి మాటలతోనే నలుగురు నేస్తాలను సంపాదించింది.

వారిలో పెద్దావిడ మమ్మల్ని చూసి, అమ్మీ భుజం మీద చేయి వేసి, "మిసాఫిర్" అన్నది. అమ్మీ సంతోషంగా తల ఊపి, "అవును, ముసాఫిర్లమే. ప్రయాణంలో ఉన్నాము కదా" అని మాకు వివరించింది. అంతలో ఆ పెద్దావిడ కూతురు వచ్చింది. కళాశాలలో చదువుతున్న ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. అసలు సంగతి ఆమె చెబితే తెలిసింది. టర్కీ భాషలో 'మిసాఫిర్' అంటే ప్రయాణికుడు కాదు, అతిథి. రేపు మధ్యాహ్నం మీరంతా మా ఇంటికి అతిథులు అని ఆమె అడిగితే, మన భాషలోని అర్థం తీసుకుని అమ్మీ సంతోషంగా ఒప్పేసుకుంది!

మాట ఒక్కటే. మన ఇళ్లలో దానికి ఇల్లు విడిచి దారిన పడిన మనిషి అని అర్థం. వారి ఇళ్లలో గుమ్మంలోకి వచ్చిన మనిషి అని అర్థం. అనుకోకుండా తలుపు తట్టిన వారిని 'దేవుడు పంపిన అతిథి' అనే వాడుక కూడా వారికి ఉంది. ఆ రాత్రి మేము ఈ మాట గురించే ఆలోచించాము. ప్రయాణికునిగా మేము ఆ ఊరి మీద హక్కులు లెక్కపెట్టుకుంటున్నాము. టికెట్టు కొన్నాము కాబట్టి చూపించాలి, డబ్బు ఇచ్చాము కాబట్టి వడ్డించాలి. అతిథి అలా లెక్కించడు. ఆ ఇంటి వేళలకు తన వేళలను కలుపుకుంటాడు. పెట్టినదాన్ని మెచ్చుకుని తింటాడు. తెరిచిన గదిలోకి వెళతాడు, మూసిన గదిలోకి తొంగి చూడడు. ఆతిథ్యం మూడు దినాలని, ఆపైన చేసేది దానమని, ఇంటివారికి భారమయ్యేంత కాలం అతిథి ఉండిపోకూడదని దైవప్రవక్త (స) బోధించారు. అంటే అతిథికి హక్కులతోపాటు మర్యాదలూ ఉన్నాయి. జాబితాలోని మిగిలిన స్థలాలలో సగానికి పైగా ఆ రాత్రే కొట్టివేశాము.

ఆ ఇంట్లో ఒక మధ్యాహ్నం

అపరిచితుల ఇంటికి వెళ్లాలా వద్దా అని మేము ఆలోచించకపోలేదు. పరాయి దేశంలో జాగ్రత్త అవసరమే. ఐదుగురం కలిసి, పట్టపగలు, మసీదుకు దగ్గరలోని ఇంటికి వెళుతున్నాము. చిరునామా మా బస యజమానికి చెప్పి బయలుదేరాము. ఈ మాత్రం జాగ్రత్త తీసుకుంటే చాలుననిపించింది. దారిలో ఒక మిఠాయి దుకాణంలో బక్లావా పెట్టె కొన్నాము.

గుమ్మం బయటే చెప్పులు విడిచాము. లోపల ఒక్కొక్కరికీ ఒక జత మెత్తని చెప్పులు సిద్ధంగా ఉన్నాయి. ఆ ఇంటి అమ్మాయి ముందుగా అమ్మీ కుడి చేతిని అందుకుని, ముద్దుపెట్టుకుని, తన నుదుటికి ఆనించుకున్నది. పెద్దలను గౌరవించే వారి సంప్రదాయం అది. అమ్మీ కళ్లు చెమర్చాయి. మా పిల్లలు ఆ దృశ్యాన్ని నోరు తెరుచుకుని చూశారు. ఆ తరువాత అందరి అరచేతుల్లో నిమ్మ సువాసన గల 'కొలోన్యా' నీటిని పోశారు. మన ఇళ్లలో పూర్వం అతిథులకు అత్తరు అందించినట్లే ఇదీ.

మగవారికి ఒక గదిలో, ఆడవారికి మరో గదిలో కూర్చునే ఏర్పాటు చేశారు. పిండి పొరల మధ్య జున్ను పెట్టి కాల్చిన బోరెక్, ఆలివ్ కాయలు, గ్లాసు తరువాత గ్లాసు తేనీరు. గ్లాసు ఖాళీ కావడమే ఆలస్యం, మళ్లీ నిండేది. వద్దనడం అమర్యాద ఏమోనని మేము తాగుతూనే ఉన్నాము. ఐదవ గ్లాసు దగ్గర మా అవస్థ గమనించిన ఆ అమ్మాయి, చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెడితే ఇక చాలని అర్థమని చెప్పి కాపాడింది. చివరికి అమ్మీ వంటగదిలోకి దారి అడిగి, తన సంచిలోని యాలకులు తీసి, పాలు పోసి మన ఇలాచీ చాయ్ కాచింది. ఆ గృహిణి ఒక గుటక తాగి, అమ్మీ చేతులు పట్టుకుని "ఎలినిజె సాలిక్" అన్నది. నీ చేతులకు ఆరోగ్యం కలుగుగాక అని దాని భావం. వండిపెట్టిన వారికి వారు చెప్పే దీవెన అది. ఎన్నేళ్లుగా అమ్మీ చేతి వంట తింటున్నామో, ఒక్కసారైనా అటువంటి మాట మేము ఆమెతో అనలేదు.

అన్సారీ నేర్పిన పాఠం

మిగిలిన రోజుల్లో ఏ స్థలాలు చూడాలో అమ్మీనే నిర్ణయించమన్నాము. ఆమె రెండే కోరింది.

ఒకటి దోల్మాబాచే ప్రాసాదం. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ 1924లో దేశ బహిష్కృతులయ్యేవరకు నివసించిన భవనం అది. ఆయన కుమార్తె దుర్రుషెహ్వార్ 1931లో ఏడవ నిజాం పెద్ద కుమారుడు ఆజం జాను వివాహమాడి హైదరాబాదు చేరారు. పురానీ హవేలీ ప్రాంతంలో ఆమె పేరిట ఉన్న పిల్లల ఆసుపత్రి మన పాఠకులలో అనేకులకు తెలుసు. అమ్మీ చిన్నతనం నుంచీ ఆ పేరు విన్నది. పదేళ్ల వయసులో ఇల్లూ దేశమూ విడిచిన ఒక బాలిక, పరాయి దేశంలో ఆ దేశపు పిల్లల వైద్యం కోసం తన పేరు నిలుపుకున్నదని మా పిల్లలకు ఆమె చెప్పింది. గోడల మీది బంగారు పూత కన్నా ఆ మాటే వారికి గుర్తుండిపోయింది.

రెండవది ఐయూప్ సుల్తాన్ మసీదు. గోల్డెన్ హార్న్ జలమార్గంలో నావ మీద వెళ్లాము. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) సమాధి ఉన్న చోటు అది. దైవప్రవక్త (స) మక్కా నుంచి మదీనాకు వలస వచ్చినప్పుడు తొలుత బస చేసింది ఆయన ఇంట్లోనే. ప్రవక్త (స) కింది భాగంలో ఉండగా తాము మేడమీద నడవటానికి ఆ దంపతులు ఎంతగా సంకోచించారో హదీసు గ్రంథాలలో ఉన్నది. ఆయన వృద్ధాప్యంలో కాన్‌స్టాంటినోపుల్ ముట్టడికి వెళ్లిన సేనతో వచ్చి, ఆ నగరపు గోడల వెలుపల మరణించారు. మదీనాలో అందరికన్నా ముందు ఆతిథ్యమిచ్చిన మనిషి, ఎక్కడో దూరదేశపు మట్టిలో అతిథిగా విశ్రమించారు. 1453 తరువాత ఆ చోట మసీదు వెలసింది; ఇప్పటి కట్టడం 1800 నాటిది.

అక్కడే మేము రెండవ పొరపాటు చేశాము. సలాం చెప్పి, ఆ మహనీయుని కోసం దుఆ చేసుకుని బయటకు వస్తుండగా, ఒక మూల చేతులెత్తి కన్నీళ్లతో దుఆ చేస్తున్న ఒక స్త్రీ కనిపించింది. కిటికీలోంచి పడిన వెలుగు ఆమె ముఖం మీద ఉంది. మాలో ఒకరం ఫోను ఎత్తి ఫోటో తీశాము. ఆమె గమనించింది. ఏమీ అనలేదు. తల గుడ్డను ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది. ఆమె దుఆ మధ్యలో ఆగిపోయింది. ఆమె కష్టం ఏమిటో మాకు తెలియదు. తన ప్రభువుతో ఏకాంతంగా చెప్పుకుంటున్న మాటల మధ్యలోకి మేము దూరిపోయామన్నది మాత్రం తెలిసింది. అమ్మీ మా వైపు చూసి, "మన ఇంట్లో నమాజు చదువుతున్న నన్ను ఎవరో పరాయివాళ్లు కిటికీలోంచి ఫోటో తీస్తే మీరు ఊరుకుంటారా?" అన్నది. ఫోటో తుడిచివేశాము. క్షమాపణ చెప్పుకుందామని వెనుదిరిగేసరికి ఆమె వెళ్లిపోయింది. ఆ భారం ఇప్పటికీ మాతో ఉంది.

బయలుదేరేవారికి కొన్ని మాటలు

ఈ అనుభవాల నుంచి మేము నేర్చుకున్న కొన్ని సంగతులను, మనసులో మెదిలిన క్రమంలోనే, ఇక్కడ పొందుపరుస్తున్నాము.

పెద్దవారి నడకను బట్టి ప్రణాళిక వేసుకోండి. ఉదయం ఒక స్థలం, సాయంత్రం ఒక స్థలం చాలు. మధ్యలో విశ్రాంతి ఉండాలి. పెద్దవారు కూర్చున్న చోట మీరు కూడా కాసేపు కూర్చోండి. కూర్చున్నవారికి కనిపించేవి నడిచేవారికి కనిపించవు. యెని వాలిదే మసీదు గోడమీద పక్షుల కోసం చెక్కిన చిన్న చిన్న రాతి గూళ్లను మా ఐదుగురిలో మొదట చూసింది అమ్మీయే. పెద్దవారి, పిల్లల జేబుల్లో బస చిరునామాను, ఫోను నంబరును అక్కడి లిపిలో రాసిన కాగితం తప్పక ఉంచండి. మందులతోపాటు వైద్యుని చీటీ కూడా వెంట ఉండాలి.

నమాజు వేళలను దినచర్యకు ఇరుసుగా చేసుకోండి. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ విధానం ప్రకారం ఒకే చోట 15 రోజులకు తక్కువ ఉండదలచిన ప్రయాణికుడు నాలుగు రకాతుల ఫర్జ్‌లను రెండుగా చేస్తాడు; స్థానిక ఇమాం వెనుక నిలిచినప్పుడు మాత్రం పూర్తిగా చదవాలి. ఈ సౌలభ్యం అల్లాహ్ అనుగ్రహం. దానితో మిగిలిన సమయాన్ని దుకాణాలకు కాక, ఆ మసీదులో మరికొద్దిసేపు కూర్చోవడానికి వినియోగించండి. పర్యాటకులు చూసి వెళ్లే వేళకూ, ఊరివారు సజ్దా చేసే వేళకూ ఒకే మసీదు రెండు విధాలుగా ఉంటుంది. ప్రసిద్ధ మసీదులతోపాటు మీ బస దగ్గరలోని చిన్న మసీదుకూ రోజూ వెళ్లండి. మూడవ రోజుకు సలాముకు బదులు మీ క్షేమసమాచారం కూడా అడుగుతారు.

పది మాటలు నేర్చుకోండి. ధర అడిగే మాట కన్నా దీవించే మాటలు ముందు నేర్చుకోండి. టర్కీలో పనిలో ఉన్న మనిషి పక్కగా వెళ్లేటప్పుడు "కొలాయ్ గెల్సిన్" అంటారు. నీ పని సులువుగా సాగాలి అని భావం. వీధి ఊడ్చే వ్యక్తికి, రొట్టెలు కాల్చే వ్యక్తికి మా అబ్బాయి ఈ మాట చెప్పినప్పుడు వారి ముఖాలు ఎలా వెలిగాయో మేము చూశాము. సైగలను కూడా గమనించండి. వారు తలను కొద్దిగా వెనక్కి ఎత్తి కనుబొమలు పైకి లేపితే 'లేదు' అని అర్థం. మనకు అదే సైగ 'ఏమిటి?' అన్నట్లు ఉంటుంది. ఒక దుకాణదారు మూడుసార్లు 'లేదు' అని చెబితే, ఆయనకు వినిపించడం లేదని మేము మూడుసార్లు అదే వస్తువు పేరు గట్టిగా చెప్పాము!

ఆ ఊరివారు తినే చోట తినండి. పర్యాటకుల వీధులు దాటితే, వండిన వంటకాలను గాజు పలక వెనుక వరుసగా పెట్టే కార్మికుల భోజనశాలలు ఉంటాయి. వేలితో చూపిస్తే చాలు, భాష అక్కరలేదు. సులేమానియా మసీదు ఎదుట తెల్ల చిక్కుడు గింజల కూర, అన్నం పెట్టే దుకాణాలు వరుసగా ఉన్నాయి. దానితో తాగే 'ఐరాన్' అచ్చంగా మన ఉప్పు మజ్జిగే. సంచిలోని కందిపొడిని మా పిల్లలు ఆ రోజు నుంచి అడగలేదు. ముస్లింలు అధికంగా ఉన్న దేశమే అయినా కొన్ని భోజనశాలల్లో మద్యం కూడా అమ్ముతారు. లోపలికి వెళ్లే ముందు ఒకసారి విచారించుకోవడం మంచిది.

కట్టడాన్ని చూసినప్పుడు అది ఎవరికోసం కట్టారో అడగండి. 1550-1557 మధ్య వాస్తుశిల్పి సినాన్ నిర్మించిన సులేమానియా మసీదు ఒంటరి కట్టడం కాదు. దాని చుట్టూ మద్రసాలు, వైద్యశాల, స్నానశాల, పేదలకూ విద్యార్థులకూ బాటసారులకూ అన్నం పెట్టిన వంటశాల ఉండేవి. గుంబదు ఎత్తును ఫోటో తీసి తిరిగివస్తే ఆ వంటశాల సంగతి తెలియదు. మసీదు అంటే ఒక ఊరి బాధ్యత అన్న భావనను మా పిల్లలు అక్కడ గ్రహించారు.

కొనడంతోపాటు ఇవ్వడం కూడా నేర్చుకోండి. టర్కీలో 'అస్కిదా ఎక్మెక్' అనే ఆచారం ఉంది. రొట్టెల దుకాణంలో రెండు రొట్టెలకు డబ్బిచ్చి ఒకటి తీసుకుంటారు. రెండవది అవసరమున్న మనిషి వచ్చి అడిగి తీసుకుంటాడు. ఇచ్చినవారికి పుచ్చుకున్నవారు తెలియదు, పుచ్చుకున్నవారికి ఇచ్చినవారు తెలియదు. పూర్వం రాతి స్తంభాల పైభాగంలోని గుంటలో డబ్బు ఉంచి వెళితే, అవసరమున్నవారు తమకు కావలసినంత తీసుకునేవారట. ఆ సదఖా స్తంభాలు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. మా అమ్మాయి తన ఖర్చు డబ్బులోంచి ప్రతి ఉదయం ఒక రొట్టె అలా వదిలింది. ఆమె తెచ్చుకున్న జ్ఞాపికలలో అది ఒక్కటే సంచిలో బరువు కాలేదు.

చివరగా, ఫోటో తీసే ముందు అడగండి. అడగడానికి వీలు లేకపోతే తీయకండి. దుఆ చేస్తున్నవారిని, ఏడుస్తున్నవారిని, పసిపిల్లలను, తమ ఇంటి గుమ్మంలో కూర్చున్నవారిని అసలే తీయకండి.

తిరిగివచ్చిన తరువాత

తిరిగివచ్చాక బంధువులు అమ్మీని ఏమేమి చూశావని అడిగారు. ఆమె మసీదుల పేర్లు సరిగా చెప్పలేకపోయింది. ఉస్కుదార్‌లోని ఆ నలుగురు స్త్రీల పేర్లు, వారి పిల్లల సంఖ్య, ఎవరికి ఏ మోకాలు నొప్పో మాత్రం పొల్లుపోకుండా చెప్పింది. ఆమె ఏం చూడగలదని మేము సందేహించామన్న సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు. ఈ వ్యాసం చదివి వినిపిస్తే తెలుస్తుంది. ఆమెను క్షమాపణ కోరడానికి మాకు ఇంతకన్నా తేలికైన మార్గం దొరకలేదు.

ప్రతి చలికాలం మా వీధిలోకి కాశ్మీరు నుంచి శాలువాలు అమ్మే ఒక వ్యక్తి వస్తాడు. భుజాన మూట, ముఖాన అలసట. ఏళ్లుగా వస్తున్నాడు. బేరం కుదిరితే కొనేవాళ్లం, లేకుంటే తలుపు వేసేవాళ్లం. మొన్నటి చలికాలం అతను మూట దించగానే అమ్మీ మొదట ధర అడగలేదు. లోపలికి వచ్చి కూర్చోమన్నది. ఊరు, ఇంటివారు, పిల్లలు అన్నీ అడిగింది. ఇలాచీ చాయ్ ఇచ్చింది. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఒక ఇంటి లోపల కూర్చోవడం అతనికి ఇదే మొదటిసారని చెప్పాడు. అతను వెళ్లాక పిల్లలు "ఎవరు దాదీ, ఆయన?" అని అడిగారు.

"మిసాఫిర్" అన్నది అమ్మీ, ఉస్కుదార్‌లో నేర్చుకున్న ఉచ్చారణతో.